బేస్తవారం నాటి మొదటి పేజీ

మా అవ్వ ట్రంకుపెట్టె అడుగున పడుకొని ఉండేదానివి నువ్వు. నీ మీద రెండు పెళ్లినాటి చీరలు, ఒక ఇత్తడి చెంబు, శిస్తు రసీదుల కట్ట, మూలమూలకొక కలరా ఉండ. ఏడాదికొకసారి పండగ ముందు పెట్టె బోర్లించి దులిపినప్పుడే నీకు వెలుతురు తగిలేది. ఒళ్లంతా పసుపుపచ్చబడి, అంచులు పొట్టులా రాలిపోతున్నా నడిమధ్య బొమ్మ మాత్రం అట్లాగే ఉండేది. ఒక బల్ల. బల్ల ముందు ఇద్దరు. ఒకాయన తలపాగాతో, పక్కనున్నాయన కాగితం మీదికి వంగి కలం పట్టుకొని. వెనక వరసగా నిలబడినవాళ్లందరి చూపూ ఆ సంతకం మీదే.

అవ్వకు చదువు రాదు. నాకు ఇంకా అక్షరాలు కూడబలుక్కునే వయసు. ఎవరవ్వా వీళ్లు అంటే ఆమె నీ మీద వేలు పెట్టి చెప్పింది: "ఎవురిదో చేను రిజిస్ట్రారాఫీసులో రాసిస్తాండారు నాయనా. వంగి సంతకం పెట్టేటోడు అమ్మినోడు. తలకాయ ఎత్తలేకపోతాండాడు సూడు. యెనకున్నోళ్లు సాచ్చులు."

హైస్కూలుకు పోయినాక గాని నువ్వెవరో నాకు తెలియలేదు. 1971 డిసెంబరు 16, ఢాకా రేస్‌కోర్సు మైదానం. పాకిస్తాన్ సేనాని నియాజీ మన జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా ముందు లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్నాడు. బంగ్లాదేశ్ అనే దేశం ఆ కలం కొనన పుడుతోంది. వెనక నిలబడిన సాక్షుల్లో ఒకాయన మన విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళానికి అధిపతి, వైస్ అడ్మిరల్ కృష్ణన్. అవ్వ పెద్దగా తప్పు చెప్పలేదు. అక్కడ చేతులు మారింది చేను కాదు, దేశం. తల ఎత్తలేకపోవడం మాత్రం ఆమె చూసినట్టే ఉంది.

ఆ పేపరుకు తారీకున్న మూల లేదు. ఏ పసుపు పొట్లం కట్టడానికో అవ్వ చించి ఉంటుంది. సంతకం జరిగిన రోజు ఏ వారమో నేనే లెక్క కట్టాను. బేస్తవారం.

నాకు వారాల పిచ్చి. ఊరి పేరు అట్లాంటిది మరి. బృహస్పతివారం జనం నోళ్లలో నాని నాని అరిగి బేస్తవారం అయింది. పేపరు నుదుట అచ్చయ్యేది గురువారం. మార్కాపురం, కంభం, గిద్దలూరు సంతల్లో పలికేది బేస్తవారం. బేస్తవారిపేటలో పెరిగినవాడు పాత పేపరు చేతికి దొరికితే తేదీ చూసి ఊరుకోడు, వారం వెతుకుతాడు. వెతికితే దొరుకుతాయి కూడా. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూ ప్రసంగానికి ముందు గడిచిన పగలు బేస్తవారమే. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆయన చేతుల మీదుగా ఆంధ్ర రాష్ట్రం మొదలైంది, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు, అది బేస్తవారం. మూడేళ్లకు 1956 నవంబరు 1న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పుట్టింది, అదీ బేస్తవారమే. గాంధీగారు పోయింది శుక్రవారం, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టింది మన గడియారంలో సోమవారం పొద్దున. అవి నా లెక్కకు ఒదగలేదు. ఒదగనివాటిని చెప్పకుండా దాటేయడం జాతకాలు చెప్పేవాళ్ల పని. అందుకే చెప్పేశాను.

1953లో మాది కర్నూలు జిల్లా. గుడారాల్లో కచేరీలు పెట్టుకున్న ఆ కొత్త రాజధాని మాకు సొంత జిల్లా కేంద్రం. 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను తీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. రెండేళ్లకు ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 1921లో మద్రాసులో స్వరాజ్య పత్రిక పెట్టి, దాని కోసం ఆస్తి కరగబెట్టుకున్న మనిషి ఆయన. పేపరు నడిపినవాడి పేరు మోసిన జిల్లాలో పెరిగినవాడు పేపరు బొమ్మకు దండకం చదివితే తప్పేముంది?

నీకు దండం. నీ ఒంటి నిండా ఉన్న చుక్కలకు దండం.

ఆ చుక్కలు నాకు మొదట కనబడింది బజారులో గడియారాలు బాగుచేసే కొట్లో. ఆయన కంటికి బిగించుకునే నల్లటి గొట్టపు అద్దాన్ని బతిమాలి తీసుకొని, బల్ల మీదున్న పేపరు బొమ్మ మీద పెట్టి చూశాను. ముఖం మాయమైంది. ముక్కు లేదు, కన్ను లేదు. కళ్లంలో చల్లిన ఆవాల్లా చుక్కలు. కొన్ని బొద్దుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. కొన్ని సూదిమొనంత, ఒంటరిగా. అద్దం తీసి చేయి చాచినంత దూరం పెట్టాను. నాయకుడు మళ్లీ నవ్వాడు. మూడుసార్లు అట్లాగే చేశాను. గడియారాలాయన నన్ను చూసి, "ఏందబ్బోడా, నీకు కనపడేది మాగ్గూడా జెప్పు" అన్నాడు. చెప్పడానికి నాకు మాటలు రాలేదు. దగ్గరికి పోతే ఏమీ లేనిది, దూరం జరిగితే మనిషి ఎట్లా అవుతుంది?

పని చేసిన తీరు తర్వాత తెలిసింది. ఫొటోను సన్నని గీతలు అడ్డంగా నిలువుగా గీసిన అద్దం గుండా మళ్లీ ఫొటో తీస్తారు. పేపరు పనికి అంగుళానికి 60, 70 గీతలు. నీడ చిక్కగా ఉన్నచోట పెద్ద చుక్క, వెలుగున్నచోట చిన్న చుక్క. దాన్ని జింకు రేకు మీదికి ఎక్కించి యాసిడ్‌లో పెడితే చుక్కలు మిగిలి తక్కిన రేకు తినేసుకుపోతుంది. ఆ రేకును చెక్క దిమ్మకు కొట్టి, అక్షరాల పక్కన బిగించి, సిరా పూసి ఒత్తుతారు. అదే బ్లాకు. రాత్రిపూట బ్లాకు చేసేవాడి చేతులు యాసిడ్‌తో కాలకపోతే పొద్దున నీకు ముఖం లేదు. ఆఫ్‌సెట్ వచ్చాక దిమ్మలు పోయాయి, చుక్కలు పోలేదు. రంగులొచ్చాక ఒకటికి నాలుగు రంగుల చుక్కలయ్యాయి.

ఇట్లా చుక్కలతో అచ్చయ్యే బొమ్మను హాఫ్‌టోన్ అంటారు. పత్రికల చరిత్ర రాసేవాళ్లు తొలి హాఫ్‌టోన్ ఫొటో అని చూపించేది న్యూయార్క్‌లో డైలీ గ్రాఫిక్ అనే దినపత్రికలో అచ్చయింది. 1880 మార్చి 4. వారం చెప్పనక్కర్లేదనుకుంటా. ఆ ఫొటోలో ఉన్నది రాజూ కాదు, రాణీ కాదు. పేదవాళ్ల గుడిసెలు. అంత పెద్ద నగరంలో మొదటిసారి చుక్కలుగా మారి కాగితం ఎక్కే అదృష్టం గుడిసెలకు దక్కింది. ఆ మొదలు నాకు నచ్చుతుంది.

పలకల మార్కాపురం పక్కన పెరిగినవాళ్లం. మా చేతిలో మొదట పెట్టింది నల్లరాతి పలక. రాయడం, ఉమ్మి తడితో చెరపడం, మళ్లీ రాయడం. పేపరూ అట్లాంటి పలకే. పొద్దున రాసింది మాపటికి చెరిపేస్తుంది. కలెక్టరు పర్యటన, కంది ధర, కంభం చెరువు నీటిమట్టం, అన్నీ చెరిగిపోతాయి. ఎంత తుడిచినా తెల్లగా జాడ మిగిలే అక్షరం ఒకటి ఉంటుందే, బలపం గట్టిగా దిగిన చోట, అది నువ్వు.

నువ్వు పోయే దారులు కూడా నాకు ఇష్టం. రైల్లోనో బస్సు టాపు మీదో కట్టలో ఒకదానివై దిగుతావు. ఒక పూట రాజువి. ఆ పూట అయిపోతే వారానికి ఒక మెట్టు దిగుతావు. సెలూను గోడ మీద అద్దం పక్కన అతుక్కుంటావు. కిరాణా కొట్లో శనగపిండి పొట్లమవుతావు. 1983లో నా లెక్కల పుస్తకానికి అట్ట వేసింది కపిల్ దేవ్ కప్పు ఎత్తిన ఫొటోతో. మడత సరిగ్గా కప్పు మీద పడింది, ఏడాదంతా ఆయన ఉత్త చేతులు ఎత్తి నిలబడ్డాడు. బండి మీద బోండాలు చుట్టిచ్చిన కాగితం నూనె పీల్చి అద్దంలా పారదర్శకమైతే, వెనక పేజీలోని సినిమా ప్రకటన ముందు పేజీలోని ప్రధానమంత్రి ముఖంలోంచి తొంగి చూసేది. ఎంతమంది గొప్పవాళ్ల ముఖాల మీద వేళ్లు తుడుచుకొని ఉంటామో! నువ్వు కోపం తెచ్చుకోలేదు.

అయితే నిన్ను నేను ఎందుకింత చూస్తానంటే, గొప్పవాళ్లు కనబడతారని కాదు. నీకు మరుసటి రోజు తెలియదు. అదీ సంగతి.

పుస్తకంలో చరిత్రకు అంతా తెలుసు. ఎవరు గెలిచారో, ఎవరు చచ్చారో, ఎందుకో తెలిసి కూర్చొని రాస్తారు. నీకు రాత్రి ప్రెస్ తిరిగే వేళ దాకా ఎంత తెలిస్తే అంతే. అక్కడ నీ ఊపిరి ఆగిపోతుంది. 1937 మే 6న, అదీ బేస్తవారమే, అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ అనే పెద్ద గాలిఓడ దిగుతుందని ఫొటోగ్రాఫర్లు కెమెరాలు పట్టుకొని నిలబడ్డారు. ఓడ దిగే మామూలు బొమ్మ ఒకటి తీసుకొని రాత్రి భోజనానికి ఇంటికి పోదామనుకున్నారు. దిగడం తీయడానికి వచ్చినవాళ్లకు కాలడం దొరికింది. 36 మంది పోయారు. ఆ మంటను చూస్తున్నప్పుడల్లా నాకు మంట కంటే ముందటి నిమిషం గుర్తొస్తుంది.

1948లో ఇంకా తమాషా. అమెరికా అధ్యక్ష ఎన్నిక రాత్రి షికాగో ట్రిబ్యూన్ వాళ్లు డ్యూయీ గెలిచాడని బ్యానర్ కొట్టేశారు. అక్కడ కంపోజిటర్లు సమ్మెలో ఉన్నారు, పేజీ మామూలు కంటే ముందే ప్రెస్‌కు పంపాల్సి వచ్చింది, ఓట్ల లెక్క తేలేదాకా ఆగే తీరిక లేదు. గెలిచింది ట్రూమన్. రెండు రోజుల తర్వాత సెయింట్ లూయిస్ స్టేషన్‌లో రైలు వెనక నిలబడి ఆ పేపరును రెండు చేతులా ఎత్తి పట్టి ఆయన నవ్విన నవ్వు ఉందే, అదొక మొదటి పేజీ బొమ్మలో ఇంకొక మొదటి పేజీ. ఆ ఫొటో తీసింది నవంబరు 4. మళ్లీ బేస్తవారం! అబద్ధం అచ్చేసిన పేజీ అంత పేరు తెచ్చుకోవడానికి కారణం అబద్ధం కాదు. తెలియకపోవడం అంత నిండుగా, అంత పెద్ద అక్షరాల్లో ఇంకెక్కడా దొరకదు.

మా ఊరికి ఆ తెలియకపోవడం రెండు బేస్తవారాలు వచ్చింది.

మొదటిది 1996 జనవరి 18. ఎన్టీ రామారావుగారు హైదరాబాదులో తెల్లవారుజామున పోయారు. మా ఊరు చేరిన పేపరు అప్పటికే రాత్రి అచ్చయి బయల్దేరింది. దాన్ని చదువుతూ టీ తాగినవాళ్లకు రేడియో చెప్పింది, ఆయన లేడని. చేతిలో ఉన్న పేపరులోనేమో ఆయన ఇంకా రాజకీయం చేస్తున్నాడు.

రెండోది చెప్పడానికి నాకు పడమటి దిక్కు చూపించాలి. మ్యాపులో నల్లమల ఒక ఆకుపచ్చ మరక. మాకు అది ఇంటి వెనక గోడ. మా పొద్దు దాని వెనకే కుంగుతుంది. 2009 సెప్టెంబరు 2, బుధవారం ఉదయం 8:38కి బేగంపేటలో లేచిన హెలికాప్టర్ ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిని చిత్తూరు జిల్లాలో రచ్చబండకు తీసుకుపోవాలి. గంట తిరగకముందే, నల్లమల వైపు, మాట తెగిపోయింది. లోపల అయిదుగురు. కొండంతా మబ్బు, వాన. పగలంతా వెతికారు, రాత్రంతా వెతికారు. టీవీలు నిద్రపోలేదు.

మరునాడు బేస్తవారం పొద్దున బస్టాండు దగ్గర టీ కొట్టు బల్ల మీద నువ్వు పరుచుకొని ఉన్నావు. నీలో ఆయన నవ్వుతున్నాడు. పాత ఫొటో. మామూలు రోజుల్లో పేపరు వచ్చిన పావుగంటకు నాలుగు ముక్కలై నాలుగు చేతుల్లో ఉంటుంది; క్రీడల పేజీ ఒకడిది, జిల్లా పేజీ ఒకడిది. ఆ రోజు ఎవరూ పేజీ తిప్పలేదు. పదిమంది ఒకే పేజీ చుట్టూ. వచ్చిన ప్రతివాడూ చెప్పులు విడవకుండానే అడుగుతున్నాడు: "ఏమన్నా ఆచూకీ తెలిసిందా అన్నా?" ఎవరో గ్లాసు పెట్టబోతే టీ కొట్టాయన ఆ చేయి పట్టి పక్కకు జరిపాడు, గ్లాసు మరక ఫొటో మీద పడకుండా. జరిపి, ఎవరితోనో కాదు, నీతోనే అన్నట్టు అన్నాడు: "నగుతానే ఉండాడు గదా. ఏం గాదులే."

ఫొటో నవ్వుతోంది కాబట్టి మనిషి క్షేమం. ఆ గంటా గంటన్నర మా బల్ల దగ్గర ఈ తర్కానికి ఎదురు చెప్పినవాడు లేడు. ఆయన పార్టీ వాళ్లు ఉన్నారు, ఎదుటి పార్టీ వాళ్లు ఉన్నారు. పడమర కొండ మీద మబ్బు ఇంకా విడవలేదు. తర్వాత కబురు వచ్చింది, కొండకు ఆవలి వైపు పావురాలగుట్ట మీద శకలాలు కనబడ్డాయని, అయిదుగురిలో ఎవరూ మిగల్లేదని. అందరం ఒక్కసారి బల్ల వైపు చూశాం. నీకు ఆ కబురు అందలేదు. నువ్వు నవ్వుతూనే ఉన్నావు.

శుక్రవారం నాటి పేపర్లో అన్నీ ఉన్నాయి. కొండ, శకలాలు, కన్నీళ్లు, టైము లెక్కలు. దాన్ని చదివి వదిలేశాను. అడిగి తెచ్చి దాచుకున్నది బేస్తవారం పేపరునే.

నిన్ను పొగుడుతూ పోతే అబద్ధాలకోరునవుతాను. నిన్ను చూడలేక తలుపు గడప దగ్గరే బోర్లా పడేసిన రోజులున్నాయి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన బొమ్మలు వచ్చినప్పుడు మా నాయన పేపరును పిల్లలకు అందకుండా అటక మీద పెట్టాడు. 1972 జూన్ 8 నాటి వియత్నాం పిల్ల, ఒంటి మీద బట్టలు కాలిపోయి రోడ్డు వెంట పరుగెత్తుతూ ఏడ్చే పిల్ల, ఇప్పటికీ నా వైపే పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. 2015 సెప్టెంబరు 3, బేస్తవారం, ప్రపంచంలో ఎన్నో పేపర్ల మొదటి పేజీల్లో సముద్రపు ఒడ్డున ఎర్ర చొక్కాతో బోర్లా పడుకున్న పసివాడు, అలాన్ కుర్దీ. బూట్లు విప్పకుండా నిద్రపోయిన పిల్లాడిలా. ఇట్లాంటివి వేయాలా వద్దా అని వాదించుకునేవాళ్లు రెండు వైపులా సబబుగానే మాట్లాడతారు. నేను మాత్రం ఒక్కటి అడుగుతాను: బొమ్మ కింద రెండు ముక్కలు రాసేటప్పుడు ఆ మనిషికి పేరుందని గుర్తుంచుకున్నారా? అవ్వ పెట్టెలోని బొమ్మలో ఓడినవాడికి కూడా పేరుంది.

ఇప్పుడు ఇంకో తిప్పలు. పొద్దున పేపరు విప్పితే నువ్వు ఉండాల్సిన చోట ఫ్లాట్ల ప్రకటన, నగల ప్రకటన, కాలేజీ ర్యాంకుల ప్రకటన. పేపరు పేరు పైన అట్లాగే ఉంటుంది, తారీకూ ఉంటుంది, కింద నువ్వు ఉండవు. దాన్ని తిప్పితే ఇంకోటి. అది తిప్పితే, మూడో పేజీగా, పెళ్లింట్లో వెనక వరసలో కూర్చోబెట్టిన పెద్దమనిషిలా నువ్వు. టీ కొట్లో చదివేవాళ్లు ఆ అట్ట పేజీలను ముందే లాగి పడేస్తారు, బోండాల బండివాడు ఏరుకుంటాడు. నున్నటి కాగితం నూనె పీల్చదని ఆయనకూ సంతోషం లేదు.

ఫోనులో బొమ్మలకు కొదవ లేదు. పొద్దున లేచేసరికి నాకు నలభై వచ్చి ఉంటాయి. వాటిలో ఏదీ ట్రంకుపెట్టె అడుగున పరిచే పని లేదు. ఏదీ లెక్కల పుస్తకానికి అట్ట కాదు. గంట తిరిగేసరికి దాని మీద ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, తప్పుంటే సర్దేసుకుంటుంది. తనకు తెలియనిది తెలియనట్టు ఒక పగలంతా బల్ల మీద పరుచుకొని ఉండే ధైర్యం నీకే ఉంది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పెట్టె నా దగ్గరికి వచ్చింది. లొంగుబాటు బొమ్మ నాలుగు మడతల దగ్గర నాలుగు ముక్కలైంది; అతికించి, దాని పక్కన ఆ సెప్టెంబరు పేపరు పెట్టాను. ఒకదానికి మూల లేదు, ఇంకోదానికి మూల ఉంది, గురువారం అని స్పష్టంగా అచ్చయి ఉంది.

చదువుతున్న మీకు ఒక మాట. మీ ఇంట్లో కూడా ఏ అలమర అరలోనో, ఏ దేవుడి పటం వెనకో పాత పేపరు పరిచి ఉంటుంది. తూకానికి వేసేముందు ఒకసారి తిరగేసి చూడండి. బొమ్మ బాగుంటే కత్తిరించి దాచుకోండి. పై మూలన ఉన్న తారీకును మాత్రం చించకండి.